కాళ్లు ఆఫ్రికావి, కప్పు ఎవరిది?

తరగతి గోడకు ఆఫ్రికా ఖండపు పటాన్ని తగిలించి దేశాల పేర్లు చెప్పిస్తున్న వేళ ఏడవ తరగతి బాలుడొకడు లేచి నిలబడ్డాడు. "సార్, టీవీలో చూపే ప్రతి ఫుట్‌బాల్ జట్టులోనూ ఆఫ్రికా వాళ్లు ఉంటారు కదా, మరి ప్రపంచ కప్ ఆఫ్రికాకు ఒక్కసారైనా ఎందుకు రాలేదు?" అని అడిగాడు. భూగోళ శాస్త్ర పాఠంలో ఆ ప్రశ్నకు సమాధానం లేదు. కాని ప్రశ్న మాత్రం మంచిది. 2018లో ప్రపంచ కప్ గెలిచిన ఫ్రాన్స్ జట్టులో సగానికి పైగా ఆటగాళ్లు ఆఫ్రికా సంతతి వారే. అయినను 1930 నుండి 2022 వరకు జరిగిన 22 ప్రపంచ కప్‌లలో ఏ ఒక్క ఆఫ్రికా దేశమూ ఫైనల్‌కు చేరలేదు. ఆ బాలునికి ఆనాడు రెండు మాటలలో చెప్పిన సమాధానం నాకే తృప్తి కలిగించలేదు. అందుచేత ఈ వ్యాసంలో కొంత వివరంగా చెప్పే ప్రయత్నం చేస్తున్నాను.

మన ప్రాంతాలలో క్రికెట్ ముందు మరే ఆటకూ చోటు లేదన్నది అందరికీ తెలిసినదే. అయితే ఆఫ్రికా ఫుట్‌బాల్ కథ కేవలం ఆట కథ కాదు. వలస పాలన, స్వాతంత్ర్యం, దారిద్ర్యం, వలసలు, అవినీతి, ఆత్మగౌరవం అన్నీ అందులో కలగలిసి ఉన్నాయి. ఆట తెలియని వారు సైతం చదివి తెలుసుకోదగిన సంగతులు అవి.

ఆలస్యంగా తెరుచుకున్న తలుపు

ఆఫ్రికా ఫుట్‌బాల్ సమాఖ్య 1957 ఫిబ్రవరిలో సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లో ఏర్పడింది. ఈజిప్టు, సూడాన్, ఇథియోపియా, దక్షిణాఫ్రికా దీని వ్యవస్థాపక సభ్యులు. అప్పటికి ఖండంలోని అధిక భాగం ఇంకా ఐరోపా దేశాల పాలనలోనే ఉంది. అదే నెలలో అక్కడే తొలి ఆఫ్రికా దేశాల కప్ జరిగింది. నాలుగు జట్లు ఆడవలసిన ఆ పోటీలో ఆడినవి మూడే. కారణం వర్ణవివక్ష. దక్షిణాఫ్రికా అందరు తెల్లవారితో గాని, అందరు నల్లవారితో గాని జట్టును పంపుతానన్నది. ఇద్దరినీ కలిపి ఆడించడానికి ఒప్పుకోలేదు. మిగిలిన దేశాలు ఆ షరతును అంగీకరించలేదు. ఫైనల్‌లో ఈజిప్టు 4-0 తేడాతో ఇథియోపియాను ఓడించింది. దక్షిణాఫ్రికాను తర్వాత సమాఖ్య నుండే వెలివేశారు. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ఆ దేశాన్ని 1976లో బహిష్కరించడానికి చాలా ముందే ఆఫ్రికా దేశాలు ఆ పని చేశాయన్నది గమనార్హం.

ఇక ప్రపంచ కప్ సంగతి. 1934లో ఈజిప్టు ఒక్క మ్యాచ్ ఆడి వెనుదిరిగిన పిమ్మట, 36 ఏండ్లపాటు ఆఫ్రికా జట్టు ఏదీ ఆ పోటీలో కానరాలేదు. 1966 ప్రపంచ కప్‌లో మొత్తం 16 స్థానాలుండగా, ఆఫ్రికా, ఆసియా, ఓషియానియా మూడింటికీ కలిపి ఫిఫా కేటాయించింది ఒక్కటంటే ఒక్కటే. ఆఫ్రికాలో గెలిచిన జట్టు మళ్లీ ఇతర ఖండాల విజేతతో పోరాడి ఆ ఒక్క స్థానాన్ని సంపాదించుకోవాలి. ఇది తమకు అవమానమని ఘనా అధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమా ప్రభుత్వం ముందుండి నడిపించగా ఆఫ్రికా దేశాలన్నీ ఆ పోటీని బహిష్కరించాయి. ఫిఫా ఆఫ్రికా సమాఖ్యకు 5,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా విధించింది. అయినను పట్టుదల ఫలించింది. 1970 నుండి ఆఫ్రికాకు సొంతంగా ఒక స్థానం లభించింది. ఆ స్థానంలో మొరాకో మెక్సికోకు వెళ్లింది.

తర్వాతి లెక్క చూడండి. 1982లో రెండు స్థానాలు, 1994లో మూడు, 1998లో అయిదు. జట్ల సంఖ్య 48కి పెరిగిన 2026 పోటీకి ఆఫ్రికా వంతు తొమ్మిది నేరు స్థానాలు, ప్లేఆఫ్ ద్వారా మరొకదానికి అవకాశం. అదే పోటీకి ఐరోపా వంతు 16. ఐరోపా సమాఖ్యలో 55 సభ్య సంఘాలుంటే ఆఫ్రికాలో 54 ఉన్నాయి. దాదాపు సమానమైన రెండు కుటుంబాలకు వడ్డన ఏ తీరున జరుగుతున్నదో పాఠకులే గ్రహించగలరు. ప్రపంచ స్థాయి పోటీల అనుభవం తరతరాలుగా కూడబెట్టుకునే ఆస్తి వంటిది. ఆ ఆస్తి కూడబెట్టే అవకాశమే ఆఫ్రికాకు ఆలస్యంగా దక్కింది. బాలుని ప్రశ్నకు ఇది మొదటి సమాధానం.

మైదానంలో సాధించినది

ఆలస్యంగా వచ్చినా ఆఫ్రికా జట్లు ఊరకే తిరిగి వెళ్లలేదు. 1978లో ట్యునీషియా 3-1 తేడాతో మెక్సికోను ఓడించి ప్రపంచ కప్‌లో ఆఫ్రికాకు తొలి విజయాన్ని అందించింది. 1982లో అల్జీరియా 2-1తో పశ్చిమ జర్మనీని ఓడించి లోకాన్ని విస్మయపరిచింది. అయితే ఆ గ్రూపు చివరి మ్యాచ్ మరునాడు జర్మనీ, ఆస్ట్రియాల నడుమ జరిగింది. ఎంత తేడాతో ఫలితం వస్తే ఇద్దరూ ముందుకు పోగలరో అప్పటికే ఉభయులకూ తెలుసు. జర్మనీ తొలి పది నిమిషాలలో గోల్ చేసింది. ఆపై రెండు జట్లూ బంతిని అటూ ఇటూ తన్నుకుంటూ కాలక్షేపం చేశాయి. అల్జీరియా ఇంటిముఖం పట్టింది. ఆ అన్యాయం వల్ల కలిగిన మేలు ఒక్కటే. నాటి నుండి గ్రూపులో చివరి మ్యాచ్‌లన్నీ ఒకే సమయంలో జరపాలన్న నియమం వచ్చింది.

1990లో కామెరూన్ తొలి మ్యాచ్‌లోనే నాటి ప్రపంచ విజేత అర్జెంటీనాను 1-0తో ఓడించింది. 38 ఏండ్ల రోజర్ మిల్లా నాలుగు గోల్స్ చేసి జట్టును క్వార్టర్ ఫైనల్‌కు చేర్చాడు. 2002లో సెనెగల్ తమను ఒకప్పుడు ఏలిన ఫ్రాన్స్‌నే తొలి మ్యాచ్‌లో ఓడించి క్వార్టర్ ఫైనల్‌కు వెళ్లింది. 2010లో ప్రపంచ కప్ మొదటిసారి ఆఫ్రికా గడ్డపై, దక్షిణాఫ్రికాలో జరిగింది. క్వార్టర్ ఫైనల్‌లో ఘనా, ఉరుగ్వేతో తలపడింది. అదనపు సమయం చివరి క్షణాన గోల్‌లోకి పోతున్న బంతిని ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ చేతితో అడ్డుకున్నాడు. అతనికి రెడ్ కార్డు, ఘనాకు పెనాల్టీ లభించాయి. అసమోవా గ్యాన్ తన్నిన బంతి పైకమ్మీకి తగిలి ఎగిరిపోయింది. షూటౌట్‌లో ఘనా ఓడిపోయింది. సెమీఫైనల్‌కు ఆఫ్రికాకూ మధ్య ఆనాడు మిగిలిన దూరం ఒక కమ్మీ మందం మాత్రమే.

ఆ దూరాన్ని 2022లో మొరాకో దాటింది. బెల్జియంను, స్పెయిన్‌ను, పోర్చుగల్‌ను ఓడించి సెమీఫైనల్ చేరిన తొలి ఆఫ్రికా దేశంగా నిలిచింది. ఆ పోటీలో మరో విశేషం కూడా ఉంది. పాల్గొన్న అయిదు ఆఫ్రికా జట్లకూ ఆఫ్రికా వారే కోచ్‌లుగా ఉండడం అదే తొలిసారి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్లు, చిరకాలంగా ఆఫ్రికా సంఘాలు ఐరోపా నుండి కోచ్‌లను అధిక వేతనాలిచ్చి రప్పించుకునేవి. 2013లో నైజీరియాకు చెందిన స్టీఫెన్ కేషీ తన దేశాన్ని ఆఫ్రికా విజేతగా నిలిపి ఆ భావనకు సమాధానం చెప్పాడు. 2019లో అల్జీరియా, 2022 ఫిబ్రవరిలో సెనెగల్, 2024లో ఐవరీ కోస్ట్ గెలిచినప్పుడు కూడా కోచ్‌లు ఆయా దేశాల వారే.

2024 నాటి ఐవరీ కోస్ట్ విజయం కథలలో చెప్పుకోదగినది. స్వదేశంలో జరుగుతున్న పోటీలో ఆ జట్టు ఈక్వటోరియల్ గినీ చేతిలో 4-0 తేడాతో ఓడింది. పోటీ మధ్యలోనే కోచ్‌ను మార్చారు. సహాయకుడిగా ఉన్న ఎమర్స్ ఫాయె పగ్గాలు చేపట్టాడు. ఫైనల్‌లో నైజీరియాపై 2-1తో గెలిచారు. విజయపు గోల్ చేసిన సెబాస్టియన్ అలెర్ అంతకుముందే క్యాన్సర్‌కు చికిత్స పొంది కోలుకున్నవాడు.

విత్తు ఒకచోట, పంట మరొకచోట

ఇక మైదానం వెలుపలకు వద్దాం. 1966 ప్రపంచ కప్‌లో తొమ్మిది గోల్స్‌తో అగ్రస్థానంలో నిలిచిన యుసేబియో పుట్టినది మొజాంబిక్‌లో, ఆడినది పోర్చుగల్‌కు. 1958లో ఒకే పోటీలో 13 గోల్స్ చేసి నేటికీ చెరగని రికార్డు నెలకొల్పిన ఫ్రాన్స్ ఆటగాడు జస్ట్ ఫాంటేన్ పుట్టినది మొరాకోలోని మర్రాకేష్‌లో. వలస పాలన కాలంలో ఖనిజాలు, కలప, కోకో ఓడలెక్కి పోయినట్లే ఆటగాళ్లు కూడా పోయారు. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత ఓడలు విమానాలయ్యాయి. అంతే తేడా.

వెళ్లిన వారిలో కొందరు శిఖరాలు అధిరోహించారు. లైబీరియాలో పేదవాడలో పెరిగిన జార్జ్ వీయా 1995లో ఐరోపా ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డీ ఓర్ పురస్కారం పొందాడు. ఆపై 2018 నుండి 2024 వరకు తన దేశాధ్యక్షునిగా పనిచేశాడు. ఈజిప్టులోని నాగ్రిగ్ అనే పల్లె నుండి రోజూ పలు బస్సులు మారి కైరోకు శిక్షణకు వెళ్లిన బాలుడే నేటి మొహమ్మద్ సలాహ్. అయితే ఒక సలాహ్ వెనుక గమ్యం చేరని వేలాది బాలురున్నారు. "ఐరోపాలో పెద్ద క్లబ్బులో ట్రయల్ ఇప్పిస్తాను" అని నమ్మబలికే నకిలీ ఏజెంట్లు పల్లెల్లో తిరుగుతుంటారు. తల్లిదండ్రులు పొలమో, నగలో అమ్మి డబ్బు కడతారు. తీరా పరాయి నగరంలో దిగాక ట్రయల్ ఉండదు, ఏజెంటు ఉండడు, వీసా గడువు ముగిసిపోతుంది. ఇంటికి తిరిగి వెళ్లడానికి డబ్బు లేక, వెళ్లినా ముఖం చూపలేక ఆ బాలురు అక్కడే చాటుమాటు కూలీలుగా మిగిలిపోతారు. గల్ఫ్ ఏజెంట్ల చేతిలో మోసపోయిన కుటుంబాలను ఎరిగిన మన తెలుగువారికి ఈ బాధను వేరే వివరించనక్కరలేదు.

ఇందుకు విరుగుడుగా ఫిఫా 2001లో ఒక నియమం తెచ్చింది. కొన్ని మినహాయింపులు తప్ప, 18 ఏండ్లు నిండని బాలలను ఒక దేశపు క్లబ్బు నుండి మరో దేశపు క్లబ్బుకు మార్చరాదు. నియమం మంచిదే. కాని క్లబ్బులో నమోదు కాకుండా తిరిగే బాలునికి, నకిలీ ఏజెంటుకు ఆ నియమం వర్తించడం కష్టం.

మరోవైపు చక్కగా నడిచే శిక్షణాలయాలూ ఉన్నాయి. ఐవరీ కోస్ట్‌లోని అసెక్ మిమోసాస్ క్లబ్బు శిక్షణాలయం 1994లో ప్రారంభమై కోలో తూరె, యాయా తూరె సోదరులను తయారు చేసింది. 1999లో ఆ శిక్షణాలయపు కుర్రవాళ్లే ఆఫ్రికా సూపర్ కప్‌లో ట్యునీషియాకు చెందిన ఎస్పెరాన్స్ జట్టును 3-1తో ఓడించారు. సెనెగల్‌లోని జెనెరాసియోఁ ఫుట్ నుండి సాదియో మానే వచ్చాడు. ఘనాలోని రైట్ టు డ్రీమ్ నుండి మొహమ్మద్ కుదుస్ వచ్చాడు. వీటిలో ఆటతోపాటు చదువు కూడా చెబుతారు. ఎందుకనగా పదిమందిలో తొమ్మిదిమంది ఆటగాళ్లుగా స్థిరపడరన్న సత్యం శిక్షకులకు తెలుసు.

లెక్కల పాఠం ఒకటి

శిక్షణ ఇచ్చిన ఊరి క్లబ్బుకు ఏమి దక్కుతుంది? ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పుకోవాలి. ఒక ఆటగాడిని ఒక దేశపు క్లబ్బు మరో దేశపు క్లబ్బుకు అమ్మినప్పుడు ఆ ధరలో 5 శాతం, అతడికి 12 నుండి 23 ఏండ్ల వయసు మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులన్నిటికీ పంచాలని ఫిఫా నియమం. 12 నుండి 15 వరకు ఒక్కొక్క ఏడాదికి ధరలో 0.25 శాతం, 16 నుండి 23 వరకు ఒక్కొక్క ఏడాదికి 0.5 శాతం.

ఉదాహరణకు ఒక బాలుడు 12వ ఏట నుండి 17వ ఏడు ముగిసేవరకు తన ఊరి క్లబ్బులో పెరిగాడనుకుందాం. మొదటి నాలుగేండ్లకు 1 శాతం, తర్వాతి రెండేండ్లకు 1 శాతం, వెరసి 2 శాతం. పెద్దవాడయ్యాక అతడు 100 కోట్ల రూపాయలకు చేతులు మారితే ఊరి క్లబ్బుకు 2 కోట్లు రావాలి. ఆ డబ్బుతో ఒక మైదానం, ఒక వసతిగృహం కట్టవచ్చు. మళ్లీ అమ్ముడైతే మళ్లీ వాటా వస్తుంది.

మరి వస్తున్నదా? అన్నివేళలా రాదు. ఆ క్లబ్బు జాతీయ సంఘంలో నమోదై ఉండాలి. ఏ ఏట ఏ బాలుడు తమ వద్ద ఆడాడో కాగితం మీద రుజువుండాలి. వీధి మైదానంలో ఈలతో, చిరిగిన బంతితో పదేండ్లు శిక్షణ ఇచ్చిన మాస్టారికి రిజిస్టరు ఎక్కడిది? హాజరు పట్టిక విలువ ఉపాధ్యాయులకు తెలిసినంతగా ఇతరులకు తెలియదు. అక్కడ ఆ పట్టిక లేకపోవడం వల్ల కోట్లు పోతున్నాయి. ఈ చెల్లింపులను తానే లెక్కగట్టి పంచడానికి 2022 నవంబరులో ఫిఫా ప్యారిస్‌లో ఒక క్లియరింగ్ హౌస్‌ను ప్రారంభించింది. ఇది మెచ్చదగిన అడుగు. కాని కింద రికార్డు లేనిదే పైన యంత్రం ఏమి చేయగలదు?

పొరుగింటి పుల్లకూర

ఆటగాళ్లు వెళ్లిపోయిన తర్వాత స్వదేశపు లీగుల గతి ఏమిటి? లాగోస్‌లోగాని, నైరోబీలోగాని ఆదివారం సాయంత్రం చూస్తే, చిన్న హాళ్లలో టికెట్ కొనుక్కొని జనం ఇంగ్లండు లీగు మ్యాచ్‌లను టీవీలో చూస్తుంటారు. ఊరి జట్టు ఆడే మైదానం ఖాళీగా ఉంటుంది. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత మనకే పరిమితం కాదు. తప్పు ప్రేక్షకులదే అనలేము. తమ ఊరి ఉత్తమ ఆటగాడు అక్కడ ఆడుతుంటే వారు అక్కడికే చూపు సారిస్తారు. ప్రేక్షకులు లేక ఆదాయం ఉండదు, ఆదాయం లేక జీతాలుండవు, జీతాలు లేక ఆటగాడు దేశం విడుస్తాడు. చక్రం మళ్లీ మొదటికి వస్తుంది.

ఈజిప్టు, మొరాకో, ట్యునీషియా, దక్షిణాఫ్రికా దేశాలు కొంతవరకు దీనికి మినహాయింపు. కైరోకు చెందిన అల్ అహ్లీ 2024 నాటికి 12 సార్లు ఆఫ్రికా క్లబ్బుల విజేతగా నిలిచింది. ఈ దేశాలలో క్లబ్బులకు డబ్బు, అభిమానులు, సరైన మైదానాలు ఉన్నాయి. అనేక ఇతర దేశాలలో జాతీయ స్టేడియమే ప్రమాణాలకు సరిపోదని సమాఖ్య తేల్చడంతో, వాటి జట్లు "స్వదేశీ" మ్యాచ్‌లను సైతం పరదేశంలో ఆడవలసి వస్తున్నది.

ఆఫ్రికా ఆటగాళ్లు ఐరోపాకే కాదు, మన దేశానికి కూడా వస్తున్నారు. కేరళలోని మలప్పురం ప్రాంతంలో ఏడుగురేసి ఆడే సెవెన్స్ పోటీలలో వారు ఏటా కనిపిస్తారు. 17 ఏండ్ల వయసులో 2002 ప్రపంచ కప్‌లో నైజీరియాకు ఆడిన బార్తలోమ్యూ ఓగ్బెచె, 2021-22 ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ తరఫున 18 గోల్స్ చేశాడు. ఆ ఏడు హైదరాబాద్ విజేతగా నిలిచింది. నాడు చప్పట్లు కొట్టిన తెలుగు ప్రేక్షకులలో అతని దేశపు లీగు గూర్చి ఎందరికి తెలుసునో చెప్పలేను.

రెండు ఇండ్ల బిడ్డలు

2022లో మొరాకో జట్టులోని 26 మందిలో 14 మంది మొరాకోకు వెలుపల పుట్టినవారు. హకీమీ పుట్టినది మాడ్రిడ్‌లో, జియెష్ నెదర్లాండ్స్‌లో, గోల్‌కీపర్ బోనో కెనడాలో. కోచ్ రెగ్రాగీ పుట్టినది ఫ్రాన్స్‌లో. తల్లిదండ్రులు బతుకుతెరువుకై వలస వెళ్లినా, బిడ్డలు తాతల దేశపు చొక్కా తొడుక్కున్నారు. దీనికి భిన్నంగా అక్కడి దేశానికే ఆడేవారూ ఉన్నారు. ఘనా నుండి సహారా ఎడారి దాటి స్పెయిన్ చేరిన దంపతుల ఇద్దరు కుమారులలో పెద్దవాడు ఇన్యాకి విలియమ్స్ ఘనాకు, చిన్నవాడు నీకో స్పెయిన్‌కు 2022 ప్రపంచ కప్‌లో ఆడారు. 2010లో బోటెంగ్ సోదరులు ఒకరు జర్మనీకి, ఒకరు ఘనాకు ఆడి ఎదురెదురుగా నిలిచారు.

"ఇటువంటి వారి విధేయత ఎటు?" అని ప్రశ్నించేవారు ఐరోపాలోనూ ఉన్నారు, ఆఫ్రికాలోనూ ఉన్నారు. ఇంట్లో ఒక భాష, బడిలో మరొక భాష మాట్లాడుతూ తరతరాలుగా సరిహద్దున జీవిస్తున్న మన పాఠకులు ఈ ప్రశ్నను ఎన్నిసార్లు విన్నారో! తల్లిని ప్రేమించినవాడు పినతల్లిని ద్వేషించాలన్న నియమమేదీ లేదు. గెలిచిన ప్రతిసారి మైదానంలోకి వచ్చిన తల్లుల నుదుట ముద్దుపెట్టుకున్న మొరాకో ఆటగాళ్లు ఆ ప్రశ్నకు చక్కని సమాధానం చెప్పారు.

కంచే చేను మేస్తే

ప్రతిభ ఉండీ ఫలితం రాకపోవడానికి పెద్ద కారణం పరిపాలన. ఆఫ్రికా సమాఖ్యకు కామెరూన్‌కు చెందిన ఇస్సా హయాతూ 1988 నుండి 2017 వరకు, అనగా 29 ఏండ్లు అధ్యక్షునిగా ఉన్నారు. ఆయన కాలంలో ప్రపంచ కప్ స్థానాలు పెరిగిన మాట వాస్తవం. కాని ఒకే వ్యక్తి అన్నేండ్లు కుర్చీలో ఉంటే ప్రశ్నించేవారు కరువవుతారు. ఆయన తర్వాత వచ్చిన మడగాస్కర్‌కు చెందిన అహ్మద్‌ను నైతిక నియమాల ఉల్లంఘనకు ఫిఫా 2020లో నిషేధించింది. 2021లో దక్షిణాఫ్రికా గనుల వ్యాపారి ప్యాట్రిస్ మొట్సెపె అధ్యక్షుడయ్యారు.

2018లో ఘనాలో ఒక పరిశోధక పాత్రికేయుని బృందం రహస్య కెమెరాలతో తీసిన చిత్రం ఆ దేశాన్ని కుదిపివేసింది. రిఫరీలు, అధికారులు డబ్బు పుచ్చుకుంటున్న దృశ్యాలు అందులో ఉన్నాయి. సంఘం అధ్యక్షుడు పదవి కోల్పోయాడు, ఫిఫా అతణ్ణి నిషేధించింది. 2019 జనవరిలో ఆ బృందంలోని పాత్రికేయుడు అహ్మద్ సువాలే అక్రాలో తుపాకీ కాల్పులకు బలయ్యాడు. ఆటలోని అవినీతిని బయటపెట్టడం ప్రాణాంతకమయ్యే స్థితి ఎంత భయంకరమో ఆలోచించండి.

అధికారులపై ఆటగాళ్లకు నమ్మకం లేకపోవడం ప్రపంచ వేదికపైనే బయటపడింది. 2014 ప్రపంచ కప్‌కు బోనస్ తేలేవరకు కామెరూన్ జట్టు విమానం ఎక్కలేదు. అదే పోటీలో ఘనా ఆటగాళ్లు పట్టుపట్టగా, ఆ ప్రభుత్వం 30 లక్షల డాలర్ల నోట్ల కట్టలను విమానంలో బ్రెజిల్‌కు పంపవలసి వచ్చింది. లోకం నవ్వింది. కాని చెక్కు ఇస్తే చేతికి అందదేమోనన్న ఆటగాళ్ల భయం నవ్వులాట కాదు.

స్త్రీల విషయంలో ఈ అన్యాయం ఇంకా ఎక్కువ. నైజీరియా మహిళల జట్టు ఆఫ్రికాలో తిరుగులేనిది. 2025 జులైలో మొరాకోపై రెండు గోల్స్ వెనుకబడి కూడా 3-2తో గెలిచి పదవసారి ఖండపు విజేత అయింది. అదే జట్టు 2016లో కప్ గెలిచి వచ్చాక తమకు రావలసిన బోనస్ కోసం అబుజాలోని హోటల్ గదులు ఖాళీ చేయకుండా నిరసన తెలపవలసి వచ్చింది.

ప్రాణాల విలువ

అజాగ్రత్తకు మూల్యం కొన్నిసార్లు డబ్బుతో తీరదు. 2001 మే 9న అక్రా స్టేడియంలో రెండు క్లబ్బుల మ్యాచ్ చివర కొందరు కుర్చీలు విసరగా పోలీసులు భాష్పవాయువు ప్రయోగించారు. గేట్లు మూసి ఉన్నాయి. తొక్కిసలాటలో 126 మంది మరణించారు. 2012 ఫిబ్రవరి 1న ఈజిప్టులోని పోర్ట్ సయీద్‌లో 70 మందికి పైగా చనిపోయారు. 2022 జనవరిలో కామెరూన్ రాజధాని యౌండేలో కొత్తగా కట్టిన స్టేడియం గేటు వద్ద ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. ఇరవై ఏండ్లలో స్టేడియాలు మారాయి గాని, మూసిన గేటు మారలేదు. ఇటువంటి వార్తలు మన దేశంలోనూ వినవలసి వస్తున్నందున మనం వేలెత్తి చూపే స్థితిలో లేము.

జాంబియా కథ చెప్పకుండా ఈ భాగాన్ని ముగించలేను. 1993 ఏప్రిల్‌లో సెనెగల్‌లో మ్యాచ్ ఆడడానికి ఆ దేశపు జట్టు ఒక పాత సైనిక విమానంలో బయలుదేరింది. గాబన్ రాజధాని లిబ్రవిల్‌లో ఇంధనం నింపుకొని ఎగిరిన కొద్ది నిమిషాలకే విమానం సముద్రంలో కూలింది. 18 మంది ఆటగాళ్లతో సహా 30 మంది మరణించారు. నెదర్లాండ్స్ నుండి విడిగా రావలసిన కలూషా బ్వాల్యా బతికాడు. మిగిలినవారిని కూడగట్టుకొని మరుసటి ఏడాదే జాంబియా ఆఫ్రికా కప్ ఫైనల్ ఆడింది. 2012లో ఫైనల్ అదే లిబ్రవిల్ నగరంలో జరిగింది. జాంబియా ఆటగాళ్లు సముద్రతీరానికి వెళ్లి పూలు సమర్పించి వచ్చి, డ్రోగ్బా వంటి తారలున్న ఐవరీ కోస్ట్‌ను పెనాల్టీలలో 8-7తో ఓడించారు. నాడు సంఘం అధ్యక్షుడు ఆ కలూషా బ్వాల్యానే.

ఆట ఏమి చేయగలదు, ఏమి చేయలేదు

2002 నుండి అంతర్యుద్ధంతో ఉత్తర, దక్షిణ భాగాలుగా చీలిన ఐవరీ కోస్ట్, 2005 అక్టోబరులో తొలిసారి ప్రపంచ కప్‌కు అర్హత పొందింది. ఆ రోజున డ్రోగ్బా సహచరులతో కలిసి మోకాళ్లపై కూర్చుండి, ఆయుధాలు దించండని టీవీ ద్వారా దేశప్రజలను వేడుకున్నాడు. 2007 జూన్‌లో తిరుగుబాటుదారుల కేంద్రమైన బువాకేలో జాతీయ జట్టు ఆడి 5-0తో గెలిచింది. ఆట యుద్ధాన్ని ఆపిందని చాలామంది రాస్తారు. అది అతిశయోక్తి. 2007 మార్చిలో రాజకీయ ఒప్పందం కుదిరింది కనుకనే ఆ మ్యాచ్ సాధ్యపడింది. 2010 ఎన్నికల పిమ్మట మళ్లీ రక్తం చిందింది. ఆట మనసును మెత్తపరచగలదు, పరిపాలన పని మాత్రం పరిపాలకులే చేయాలి.

మొరాకో ఇందుకు తాజా ఉదాహరణ. ఆ దేశం ఫుట్‌బాల్‌పై పద్ధతిగా ధనం వెచ్చించింది. రబాత్ సమీపంలో జాతీయ శిక్షణాలయం నెలకొల్పింది. 2025 అక్టోబరులో అర్జెంటీనాను 2-0తో ఓడించి 20 ఏండ్లలోపు వారి ప్రపంచ కప్ గెలిచింది. 2030 ప్రపంచ కప్‌కు స్పెయిన్, పోర్చుగల్‌లతో కలిసి ఆతిథ్యమివ్వనున్నది. సరిగ్గా ఆ రోజులలోనే, 2025 సెప్టెంబరు, అక్టోబరులలో, వేలాది యువకులు వీధులలోకి వచ్చారు. అగాదిర్ ఆసుపత్రిలో ప్రసూతికై వెళ్లిన స్త్రీలు మరణించిన సంఘటన వారిని కదిలించింది. "స్టేడియాలు ఇక్కడున్నాయి, ఆసుపత్రులెక్కడ?" అన్నది వారి ప్రశ్న. ఆట మీద ద్వేషంతో వేసిన ప్రశ్న కాదది. ఆ యువకులే మొరాకో గెలిచినప్పుడు వీధులలో నాట్యమాడారు. సెనెగల్‌లో సాదియో మానే తన బాల్యంలో తండ్రిని కోల్పోయిన బంబాలీ గ్రామంలో ఆసుపత్రి కట్టించాడు. ఆ దాతృత్వానికి నమస్కరించాలి. కాని ఊరికి ఆసుపత్రి రావాలంటే ఆ ఊరిలో ఒక మానే పుట్టాలా అన్న ప్రశ్న మిగులుతుంది.

బాలునికి సమాధానం

ఇప్పుడు ఆ బాలునికి ఏమని చెప్పాలి? నాయనా, ఆఫ్రికా కాళ్లలో లోపం లేదు. పోటీలోకి రానివ్వడంలో ఆలస్యం చేశారు. వచ్చాక మంచి బిడ్డలను తీసుకుపోయి, పెంచిన వారికి వాటా సరిగా ఇవ్వలేదు. ఇంటిపెద్దలు ఇంటిసొమ్మును కాపాడలేదు. ఈ మూడూ ఏకమైతే ఎంతటి ప్రతిభ అయినా సెమీఫైనల్ గడప దగ్గర ఆగిపోతుంది.

మార్పు మాత్రం మొదలైంది. సుమారు అయిదు లక్షల జనాభా గల కేప్ వెర్డీ దీవులు 2025 అక్టోబరులో తొలిసారి ప్రపంచ కప్‌కు అర్హత సాధించాయి. మన దేశంలోని అనేక జిల్లాల కన్నా తక్కువ జనం అది. 140 కోట్లు దాటిన మన దేశం ఆ గడప ఎన్నడూ తొక్కలేదన్న సంగతి కూడా ఆ బాలునికి చెప్పవలసి ఉంటుంది. అది విని వాడు మళ్లీ చేయి ఎత్తి, "ఎందుకు సార్?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు సమాధానం వెదకవలసింది ఆఫ్రికా పటంలో కాదు.